ఒకటిన్నర గోలు వెనక ఏముందో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని ప్రిడిక్షన్ మార్కెట్ల గురించి మీ పత్రికలో ఈ మధ్య వచ్చిన వ్యాసం చదివాను. ఎన్నికలు, వడ్డీ రేట్లు, ఆటలు, ఇలా దేని మీదైనా అక్కడ జనం డబ్బు పెడుతున్నారని రాశారు, అంతవరకు నిజమే. కానీ "ఇది దాదాపు షేర్ మార్కెట్ లాంటిదే" అన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. సరిగ్గా ఆ మాటే మా మేనల్లుడి నోట విన్నాను, అదీ వాడి డబ్బు పోయిన రాత్రి. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి, ఎందుకంటే ఇందులో లెక్క తెలియకపోతే మిగతా మాటలకు అర్థం ఉండదు.

నేను ఉండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. మాది భీమవరం పక్క ఊరు. ఫ్రిస్కోలో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీ పాఠకులకు చెప్పక్కర్లేదు, కానీ డల్లాస్ స్టార్స్ అనే ఐస్ హాకీ జట్టు ఆఫీసు, ప్రాక్టీసు చేసే రింక్ కూడా ఈ ఊళ్లోనే ఉన్నాయని చాలామందికి తెలియదు. హాకీ అంటే మనకు గుర్తొచ్చే పచ్చ గడ్డి హాకీ కాదు. మంచు మీద స్కేట్లు కట్టుకుని, పక్ అనే నల్లటి రబ్బరు బిళ్లను కర్రతో కొడుతూ ఆడేది. ఎన్‌హెచ్‌ఎల్ అనే లీగ్‌లో 32 జట్లున్నాయి, మా పిల్లలు స్కేటింగ్ నేర్చుకోవడానికి ఆ రింక్‌కే వెళ్లారు, అలా ఆ ఆట మా ఇంట్లోకి వచ్చింది. మేనల్లుడు చదువుకోవడానికి వచ్చి శని ఆదివారాలు మా ఇంట్లో గడపడంతో వాడికీ ఆ పిచ్చి పట్టింది. ఆట చూడటంలో తప్పేమీ లేదు, చాలా బాగుంటుంది కూడా.

వాడికి ఇరవై ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. కిందటి సీజన్‌లో ఒక రాత్రి అందరం సోఫాలో కూర్చుని డల్లాస్ మ్యాచ్ చూస్తున్నాం. వాడు టీవీ కంటే ఫోనే ఎక్కువ చూస్తున్నాడు. ఏంట్రా అంటే, "మామయ్యా, ఇది బెట్టింగ్ కాదు, ట్రేడింగ్. షేర్ మార్కెట్ లాంటిదే" అని స్క్రీన్ చూపించాడు. "డల్లాస్ 1.5 గోల్స్ కంటే ఎక్కువ తేడాతో గెలుస్తుందా?" అని ఒక ప్రశ్న, పక్కన ఎస్ 36 సెంట్లు, నో 65 సెంట్లు. వాడు నో మీద 900 కాంట్రాక్టులు కొన్నాడు, అంటే 585 డాలర్లు. క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలు పనిచేసే కుర్రాడికి 585 డాలర్లంటే ఏంటో ఇక్కడున్న ప్రతి విద్యార్థికీ తెలుసు.

మూడో పీరియడ్‌లో, అంటే ఇరవై నిమిషాల చివరి భాగంలో, ఇంకా ఎనిమిది నిమిషాలుందనగా స్కోరు 2-2. వాడి నో ధర 90 సెంట్ల దాకా పెరిగింది. అప్పుడే అమ్మేసి ఉంటే 810 డాలర్లు వచ్చేవి, అమ్మలేదు. నాలుగు నిమిషాలుందనగా డల్లాస్ ఒక గోల్ కొట్టింది, 3-2. వాడి ధర ఒక్కసారిగా 60కి పడిపోయింది. "మామయ్యా, తేడా ఒక్క గోలే కదా, నేనింకా గెలుస్తూనే ఉన్నాను, మరి ధరెందుకు పడిపోయింది?" అని అడిగాడు. చివరి రెండు నిమిషాల్లో వాడి ముఖంలో టెన్షన్ చూడలేకపోయాను. అమ్ముదామని నొక్కుతున్నాడు, కొనేవాడు లేడు. అవతలి జట్టు తన గోలీని, అంటే గోల్‌కీపర్‌ని, బయటకు పిలిచింది, డల్లాస్ వాళ్లు ఖాళీ నెట్‌లోకి పక్ పంపారు, 4-2. గదిలో మా పిల్లలు ఎగిరి గంతేశారు. వాడు లేచి వరండాలోకి వెళ్లిపోయాడు.

ధరెందుకు పడిపోయిందని వాడు అడిగాడే, ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యవహారం మొత్తం. మీ వ్యాసంలో ఆ జవాబు లేదు.

ముందు కాంట్రాక్టు అంటే ఏంటో చెప్తాను. సంక్రాంతికి బరి దగ్గర నిలబడ్డవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. కోళ్ల యజమానుల మధ్య జరిగేది అసలు పందెం. చుట్టూ నిలబడ్డవాళ్లు తమలో తాము వేసుకునేవి పై పందేలు. ఒకడు డేగ మీద అంటాడు, ఎదురుగా ఉన్నవాడు కాకి మీద అంటాడు, ఇద్దరి డబ్బూ మధ్యవర్తి చేతిలో పెడతారు, గెలిచినవాడు మొత్తం తీసుకుంటాడు, మధ్యవర్తి తన కమిషన్ తను తీసుకుంటాడు. ప్రిడిక్షన్ మార్కెట్ చేసేది అచ్చం ఇదే. ప్రతి కాంట్రాక్టు విలువ చివరికి ఒక డాలర్ అవుతుంది, లేదా సున్నా. ఎస్ కొన్నవాడు 36 సెంట్లు పెడితే, నో కొన్నవాడు మిగతా 64 పెడతాడు, కలిపి ఒక డాలర్, అది ఎక్స్ఛేంజ్ దగ్గర ఉంటుంది. ఆట అయ్యాక ఎవరి మాట నిజమైతే వాళ్లకు ఆ డాలర్ మొత్తం పోతుంది.

షేర్‌కూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. షేర్ కొంటే ఒక కంపెనీలో మనకు భాగం ఉంటుంది, కంపెనీ సంపాదిస్తే దాన్ని పట్టుకున్న అందరికీ కొంతో గొప్పో వస్తుంది, పదేళ్లు ఉంచుకోవచ్చు. ఇక్కడ మధ్యలో కొత్తగా పుట్టే సంపద ఏమీ లేదు. నాకొచ్చే ప్రతి సెంటూ ఎదుటివాడి జేబులోంచి వచ్చిందే, ఆ పైన ఫీజు పోతుంది. మూడు గంటల్లో అయిపోతుంది.

బుకీకీ దీనికీ కూడా తేడా ఉంది, అది కూడా న్యాయంగా చెప్పాలి. బుకీ దగ్గర రేటు బుకీ చెప్తాడు, మనం అతనికి ఎదురుగా ఆడతాం. ఎక్స్ఛేంజ్‌లో రేటు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ పెట్టుకున్న ఆర్డర్ల నుంచి వస్తుంది. ఆట మధ్యలో అమ్మి బయటపడొచ్చు. పెట్టిన దానికంటే ఎక్కువ పోదు, అప్పు మీద ఆడించరు. ఇవి నిజమైన మంచి లక్షణాలే, నేను కాదనను. కానీ మా వాడి స్క్రీన్ మీద ఎస్ 36, నో 65 అని ఉంది చూడండి, కలిపితే 101. ఆ పై సెంటు, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య ఉండే ఖాళీ. దీన్ని కూడా ఇంగ్లీషులో స్ప్రెడ్ అనే అంటారు, గోల్స్ తేడాను కూడా స్ప్రెడ్ అనే అంటారు, కొత్తవాళ్లకు ఈ రెండూ కలగాపులగం అవుతాయి. మామూలు సమయంలో ఈ ఖాళీ ఒక సెంటు ఉంటుంది. గోలీ బయటకు వచ్చిన ఆ నిమిషంలో పది, పదిహేను సెంట్లవుతుంది, లేదా అవతలి వైపు ఎవరూ ఉండరు. ఎప్పుడైనా అమ్మొచ్చు అన్న మాట, మనకు అమ్మాల్సిన అవసరం వచ్చినప్పుడే అబద్ధమవుతుంది.

ఇప్పుడు ఆ ఒకటిన్నర సంగతి.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో స్ప్రెడ్, అంటే ఎంత తేడాతో గెలవాలన్న గీత, జట్టును బట్టి మారుతుంది, ఒక మ్యాచ్‌కు మూడు పాయింట్లు, ఇంకో మ్యాచ్‌కు పది. రెండు వైపులా అవకాశం సగం సగం అయ్యేలా ఆ గీతను జరుపుతారు. హాకీలో అలా కుదరదు, ఎందుకంటే రెండు జట్లూ కలిపి కొట్టే గోల్స్ సుమారు ఆరు. తేడా ఒకటో రెండో ఉంటుంది. అందుకని గీతను దాదాపు ఎప్పుడూ 1.5 దగ్గరే ఉంచి, ధరను జరుపుతారు. దీన్ని పక్ లైన్ అంటారు. సగం గోల్ అనేది ఆటలో లేదు కాబట్టి ఫలితం ఎప్పుడూ ఎస్ లేదా నో, మధ్యలో ఆగదు. డల్లాస్ రెండు లేదా అంతకంటే ఎక్కువ గోల్స్ తేడాతో గెలిస్తే ఎస్. ఒక గోల్ తేడాతో గెలిచినా, ఓడినా నో.

హాకీ నియమాలు ఇక్కడ పెద్ద పని చేస్తాయి. లీగ్ మ్యాచ్‌లో 60 నిమిషాలకు స్కోరు సమానమైతే ముగ్గురు ముగ్గురితో ఐదు నిమిషాల ఓవర్‌టైమ్, మొదటి గోల్ కొట్టినవాళ్లు గెలిచినట్టే. అప్పటికీ తేలకపోతే షూటౌట్, అందులో ఎన్ని కొట్టినా గెలిచిన జట్టు ఖాతాలో ఒక్క గోలే వేస్తారు. అంటే ఓవర్‌టైమ్‌కు పోయిన మ్యాచ్ ఏదైనా కచ్చితంగా ఒక గోల్ తేడాతోనే ముగుస్తుంది, వేరే దారి లేదు. ప్రతి నాలుగైదు మ్యాచుల్లో ఒకటి ఓవర్‌టైమ్‌కు పోతుంది. పైగా ఓవర్‌టైమ్‌లో ఓడినా లీగ్ పట్టికలో ఒక పాయింట్ ఇస్తారు, అందుకే స్కోరు సమానంగా ఉన్నప్పుడు చివరి నిమిషాల్లో రెండు జట్లూ జాగ్రత్తగా ఆడి ఆ పాయింట్ కాపాడుకుంటాయి. 2-2 దగ్గర మా వాడి నో 90 సెంట్లు ఎందుకు పలికిందో ఇప్పుడు అర్థమవుతుంది. అంత తక్కువ టైమ్‌లో డల్లాస్ రెండు గోల్స్ కొట్టాలి, కొట్టకపోతే మ్యాచ్ ఎటు పోయినా నో గెలిచినట్టే.

ఆ రాత్రి తర్వాత వాణ్ని కూర్చోబెట్టి కాగితం మీద ఒక లెక్క వేయించాను. అదే ఇక్కడ రాస్తున్నాను, అంకెలు అర్థమవడానికి వేసుకున్నవి. డల్లాస్ గెలుస్తుందన్న మామూలు కాంట్రాక్టు 60 సెంట్లు. 1.5 కంటే ఎక్కువ తేడాతో గెలుస్తుందన్నది 36. 2.5 కంటే ఎక్కువ తేడాతో అన్నది 20. ఈ మూడు అంకెలూ మూడు వేర్వేరు పందేల్లా కనిపిస్తాయి కానీ నిజానికి ఒకే కేకు ముక్కలు. 60 లోంచి 36 తీసేస్తే 24. అంటే డల్లాస్ సరిగ్గా ఒకే గోల్ తేడాతో గెలిచే అవకాశం నూటికి 24 అని మార్కెట్ అంటోంది. 36 లోంచి 20 తీసేస్తే 16, అది సరిగ్గా రెండు గోల్స్ తేడా. మూడూ ఆ పైన తేడాకు 20. అవతలి జట్టు గెలిచే అవకాశం 40. కలిపితే వంద. ఇలా విడదీసి చూసేసరికి మా వాడు కాసేపు మాట్లాడలేదు. 65 సెంట్లు పెట్టి వాడు కొన్నది ఏంటంటే, "అవతలి జట్టు గెలుస్తుంది" అనే 40 ముక్కా, "డల్లాస్ ఒక్క గోల్‌తో బయటపడుతుంది" అనే 24 ముక్కా కలిపి, ఆ పైన ఒక సెంటు ఎక్కువిచ్చి. డల్లాస్ 3-2తో ముందుకెళ్లగానే మొదటి ముక్క దాదాపు కరిగిపోయింది. వాడి చేతిలో మిగిలింది రెండో ముక్క ఒక్కటే.

ఆ రెండో ముక్క హాకీలో ఎంత బలహీనమైందో చెప్పాలి. క్రికెట్‌లో గానీ కబడ్డీలో గానీ ఇలాంటిది లేదు.

ఒక గోల్ వెనకబడిన జట్టు చివరి రెండు మూడు నిమిషాల్లో తన గోలీని బెంచికి పిలిచి, అతని బదులు ఆరో ఆటగాణ్ని దించుతుంది. సమం చేయడానికి ఒక మనిషి ఎక్కువ, కానీ వెనక నెట్ పూర్తిగా ఖాళీ. ఇది కొత్త ఎత్తు కాదు. 1931లో బోస్టన్ బ్రూయిన్స్ కోచ్ ఆర్ట్ రాస్ మాంట్రియల్ మీద ప్లేఆఫ్ మ్యాచ్‌లో మొదటిసారి ఇలా చేశాడు, అప్పుడు లాభం లేకపోయింది, 1-0తో ఓడారు. చాలాకాలం చివరి నిమిషంలోనే చేసేవాళ్లు. 2013లో పాట్రిక్ రాయ్ కొలరాడో కోచ్‌గా వచ్చాక బాగా ముందుగానే గోలీని తీయడం మొదలుపెట్టాడు. అతను స్వయంగా గొప్ప గోలీ. ఇప్పుడు రెండు గోల్స్ వెనకబడితే మూడు నాలుగు నిమిషాలుండగానే తీసేస్తున్నారు. జట్టు వైపు నుంచి చూస్తే ఇది తెలివైన పనే, 3-2తో ఓడినా 4-2తో ఓడినా ఆ జట్టుకు ఒకటే, పోయేదేమీ లేదు. కానీ స్ప్రెడ్ మీద డబ్బు పెట్టినవాడికి 3-2కీ 4-2కీ మధ్యే ఉంది మొత్తం డబ్బంతా.

అంటే ఆటగాళ్లకు, కోచ్‌కు, స్టేడియంలో కూర్చున్నవాళ్లకు ఏమాత్రం ముఖ్యం కాని గోల్ ఒకటి ఈ మార్కెట్‌లో అన్నిటికంటే ఖరీదైన గోల్ అవుతుంది. నన్ను బాధించేది ఇదే. ఆట ఒకటి చూస్తున్నాం, డబ్బు ఇంకో ఆట ఆడుతోంది.

నిజంగా జరిగిన ఒక మ్యాచ్ చెప్తాను. 2025 మే 3, డల్లాస్‌లోని అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్, మొదటి రౌండ్ ప్లేఆఫ్‌లో కొలరాడోతో ఏడో మ్యాచ్, ఓడినవాళ్లు ఇంటికే. మూడో పీరియడ్ మొదట్లో డల్లాస్ 0-2తో వెనకబడి ఉంది. ఆ ఏడాది జనవరి దాకా కొలరాడోలోనే ఆడి, రెండుసార్లు జట్టు మారి (ట్రేడ్ అయ్యి) మార్చిలో డల్లాస్‌కు వచ్చిన మిక్కో రాంటనెన్ తన పాత జట్టు మీదే రెండు గోల్స్ కొట్టి సమం చేశాడు. వయాట్ జాన్‌స్టన్ మూడోది కొట్టాడు. చివరి క్షణాల్లో ఖాళీ నెట్‌లోకి రాంటనెన్ ఇంకోటి పంపి హ్యాట్రిక్ పూర్తి చేశాడు, 4-2. నేను చూసిన వాటిలో అంత గొప్ప పీరియడ్ ఇంకోటి లేదు, మా వీధిలో అరుపులు వినిపించాయి. ఇప్పుడు దాన్నే స్ప్రెడ్ కళ్లతో చూడండి. ఇరవై నిమిషాల ఆ అద్భుతం జరిగాక కూడా "డల్లాస్ 1.5 కంటే ఎక్కువ తేడాతో" అన్నది ఇంకా తేలలేదు, ఫలితం ఖాయమైపోయాక చివర్లో పడ్డ గోల్ దాన్ని తేల్చింది. కొలరాడో గెలుస్తుందని నమ్మినవాడు ఓడిపోవడం న్యాయం. డల్లాస్ కష్టం మీద ఒక గోల్‌తో గెలుస్తుందని సరిగ్గా ఊహించినవాడు కూడా ఆ చివరి క్షణాల్లో ఓడిపోయాడు.

ఖాళీ నెట్ గోల్స్ ఎంత మామూలో చెప్పడానికి ఇంకో మ్యాచ్. అదే ఏడాది జూన్ 17న ఫైనల్ ఆరో మ్యాచ్‌లో ఫ్లోరిడా 5-1తో ఎడ్మంటన్‌ను ఓడించి కప్పు గెలిచింది. శామ్ రైన్‌హార్ట్ నాలుగు గోల్స్ కొట్టాడు, అందులో చివరి రెండూ ఖాళీ నెట్‌లోకే.

ఇక ఎదురుగా ఉన్నది ఎవరు అన్న సంగతి. మా వాడు తనలాంటి కుర్రాడే ఇంకోడు ఎస్ కొన్నాడనుకున్నాడు. బరి దగ్గర పై పందెంలో ఎదుటివాడి ముఖం కనిపిస్తుంది. ఇక్కడ కనిపించదు. చాలాసార్లు అవతల ఉండేది మార్కెట్ మేకర్ అనే వ్యాపార సంస్థ, రెండు వైపులా ధరలు పెట్టి ఆ మధ్య ఖాళీలో సంపాదించేది. వాల్ స్ట్రీట్‌లో పేరున్న సస్క్వెహానా 2024 నుంచే కల్షీ అనే ఎక్స్ఛేంజ్‌లో ఈ పని చేస్తోంది. అందులో మోసం లేదు, మార్కెట్ నడవాలంటే అలాంటివాళ్లు కావాలి కూడా. కానీ వాళ్ల కంప్యూటర్లకు సమాచారం మన టీవీ కంటే ముందు వస్తుంది. ఇంట్లో స్ట్రీమింగ్‌లో చూసే ఆట చాలా సెకన్లు వెనక నడుస్తుంటుంది. గోలీ బెంచి వైపు కదిలాడని మనం చూసేసరికి ధర మారిపోయి ఉంటుంది, మనం ముందే పెట్టి వదిలేసిన ఆర్డర్ పాత ధరకే పూర్తయిపోయి ఉంటుంది. మంచి ధరకు ఆర్డర్ పూర్తయిందంటే సంతోషించడం కాదు, ఎవరికో మనకంటే ముందు ఏదో తెలిసిందేమో అని అనుమానించాలి.

ఆట మొదలవకముందే ఇలాంటిది ఇంకోటి ఉంది. హాకీలో ఆ రాత్రి నెట్ ముందు ఎవరు నిలబడతారన్నది అన్నిటికంటే పెద్ద వార్త. వరసగా రెండు రాత్రులు మ్యాచ్ ఉంటే సాధారణంగా మొదటి గోలీకి ఒక రాత్రి విశ్రాంతి ఇస్తారు. డల్లాస్‌కు మొదటి గోలీ జేక్ ఆటింజర్ నిలబడటానికీ, రెండో గోలీ నిలబడటానికీ ధరలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. పొద్దున ప్రాక్టీసులో ముందుగా మంచు దిగి వెళ్లిన గోలీ ఎవరో చూసి రిపోర్టర్లు రాస్తారు, కొన్నిసార్లు సాయంత్రం వార్మప్ దాకా తేలదు. దాన్ని కనిపెట్టుకుని ఉండటమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు కొందరు. మా వాడు ఆ రోజు రసాయన శాస్త్రం ల్యాబ్‌లో ఉన్నాడు.

ఫీజు గురించి కొంచెమే చెప్తాను. కల్షీ సాధారణ లెక్క ప్రకారం ధర 50 సెంట్ల దగ్గర ఉన్నప్పుడు ఫీజు అన్నిటికంటే ఎక్కువ, వంద కాంట్రాక్టులకు 1.75 డాలర్లు, ధర అటో ఇటో చివరకు పోయేకొద్దీ తగ్గుతుంది. చిన్నదే. కానీ కొని, మధ్యలో అమ్మి, మళ్లీ కొంటే ప్రతిసారీ కట్టాలి. సీజన్ పొడుగునా వారానికి మూడు రాత్రులు ఇలా చేసేవాడికి అదేం చిన్నది కాదు.

చట్టం సంగతికి వస్తే, అసలు టెక్సస్‌లో ఆటల మీద బెట్టింగ్‌కు ఇప్పటికీ అనుమతి లేదు. 2018 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు స్పోర్ట్స్ బెట్టింగ్ నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలేసింది, చాలా రాష్ట్రాలు తెరిచాయి, టెక్సస్ తెరవలేదు. మరి మా సోఫాలోకి ఇది ఎలా వచ్చింది? రాష్ట్రం తలుపు తెరవకపోయినా కేంద్రం కిటికీలోంచి వచ్చింది. గోధుమలు, ముడిచమురు లాంటి వాటి ఫ్యూచర్స్‌ను (ముందే ధర ఖాయం చేసుకునే ఒప్పందాలను) చూసే సీఎఫ్‌టీసీ అనే కేంద్ర సంస్థ దగ్గర కల్షీ 2020లో ఎక్స్ఛేంజ్‌గా అనుమతి తీసుకుంది, 2025 మొదట్లో ఆటల కాంట్రాక్టులు పెట్టింది. పందెం లాంటి కాంట్రాక్టులు ప్రజాహితానికి వ్యతిరేకమనుకుంటే ఆపే అధికారం 2010 చట్టం సీఎఫ్‌టీసీకి ఇచ్చింది, కానీ వాళ్లు వీటిని ఆపలేదు. నెవాడా, న్యూజెర్సీ, మేరీల్యాండ్ లాంటి రాష్ట్రాలు ఇది బెట్టింగే, మా లైసెన్స్ కావాలని నోటీసులిచ్చాయి, కోర్టులకెక్కారు, ఒక్కో కోర్టు ఒక్కో మాట చెప్పింది. క్రిప్టో మీద నడిచే పాలీమార్కెట్‌కు 2022లో ఇదే సీఎఫ్‌టీసీ 14 లక్షల డాలర్ల జరిమానా వేసి అమెరికన్లకు దూరంగా ఉండమంది. 2025లో పాలీమార్కెట్ సీఎఫ్‌టీసీ అనుమతి ఉన్న ఒక ఎక్స్ఛేంజ్‌ను కొనుక్కుని తిరిగొచ్చింది. 2025 అక్టోబర్‌లో ఎన్‌హెచ్‌ఎల్ కల్షీ, పాలీమార్కెట్ రెండింటితోనూ ఒప్పందం చేసుకుంది, అమెరికా పెద్ద లీగుల్లో అలా చేసిన మొదటిది అదే. ఆటను నడిపేవాళ్లే చేయి కలిపాక, ఇది తప్పు కాదేమో అని కుర్రాళ్లు అనుకోవడంలో ఆశ్చర్యమేముంది.

వయసు విషయం మాత్రం మీరు తప్పక రాయాలి. చాలా రాష్ట్రాల్లో స్పోర్ట్స్ బెట్టింగ్‌కు 21 ఏళ్లు నిండాలి. ప్రిడిక్షన్ మార్కెట్‌లో 18 చాలు. ఈ మూడేళ్ల తేడాలోనే మన పిల్లలు ఇంటర్ అయ్యి, విమానమెక్కి, మొదటిసారి సొంత బ్యాంకు ఖాతా తెరుస్తారు.

మన దేశంలో పరిస్థితి వేరు. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. ఆడించేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. దానికి ముందే, ఏప్రిల్ 29న, సెబీ ఒక ప్రకటనలో ఒపీనియన్ ట్రేడింగ్ (ఇలాంటి ఎస్-నో పందేలకు మన దేశంలో ఉన్న పేరు) తన పరిధిలోకి రాదని, అందులో జరిగేవి సెక్యూరిటీలు కావని, మదుపరుల రక్షణ ఏదీ వర్తించదని స్పష్టంగా చెప్పింది. షేర్ మార్కెట్‌ను చూసుకునే సంస్థే ఇది మా మార్కెట్ కాదని చెప్పాక, తెలుగు పత్రిక ఒకటి "షేర్ మార్కెట్ లాంటిదే" అని రాయడం నాకు నచ్చలేదు. భీమవరంలో మా అక్క ఆ వ్యాసం చదివి, "వాడు షేర్లలో పెడుతున్నాడట, మంచిదే కదరా" అని నాకు ఫోన్ చేసింది. కొడుకు చేస్తున్నది పై పందెమని ఆమెకు తెలిసి ఉంటే ఆ మాట అనేది కాదు. సంక్రాంతికి బావ బరి వైపు వెళ్తానంటేనే మూడు రోజులు మాట్లాడదు.

అందుకని నేను అడిగేది ఇదీ. ఆ వాక్యాన్ని సవరిస్తూ చిన్న వివరణ వేయండి. ఇకముందు ఈ విషయం మీద రాసేటప్పుడు "పెట్టుబడి", "ట్రేడర్లు" అనే మాటలు వాళ్ల ప్రకటనల్లోంచి తీసుకోకుండా పందెం అని రాయండి, ఎక్స్ఛేంజ్‌లో జరిగే పందెం అని రాస్తే ఇంకా సరిగ్గా ఉంటుంది. మీ ఎన్నారై పేజీలో ధర ఎలా చదవాలో ఒకసారి వేయండి, పైన రాసిన 60, 36, 20 లెక్క వాడుకోండి, నా పేరు అక్కర్లేదు. ఆడొద్దని ఎవరికీ నేను చెప్పలేను, ఇక్కడ పద్దెనిమిది నిండినవాడు తన డబ్బు తన ఇష్టం. కానీ 65 సెంట్లు పెట్టేవాడికి తను కొంటున్నది ఏ ముక్కలో తెలియాలి, చివరి రెండు నిమిషాల్లో గోలీ లేచి బెంచికి పోతాడని తెలియాలి, అప్పుడు అమ్ముదామంటే ఎవరూ ఉండరని తెలియాలి. కొడుక్కి డబ్బు పంపే తల్లిదండ్రులకు కూడా ఇది తెలుగులోనే తెలియాలి.

ఈ ఉత్తరం పంపే ముందు మా మేనల్లుడికి చదివి వినిపించాను. 2-2 దగ్గర అమ్మకపోవడం గురించి రాసిన చోట తల వంచుకున్నాడు, తీసేయనా అని అడిగాను. వద్దు మామయ్యా, నా పేరు మాత్రం రాయకు, అంకెలన్నీ ఉంచు అన్నాడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఫ్రిస్కో, టెక్సస్